షేల్ రాయి పగిలే తీరును సేంద్రియ పదార్థం ఎలా మారుస్తుంది

తాండూరు, బేతంచెర్ల క్వారీలలో నేలబండను లేపే కార్మికుడు ఉలిని బండ ముఖం మీద పెట్టడు. పక్కకు వచ్చి కూర్చుని, రెండు పొరలు కలిసే సన్నని గీతను వేలితో వెతికి, ఆ గీత మీద ఉలి ఆనించి వరుసగా దెబ్బలు వేస్తాడు. కాసేపటికి చప్పుడు మారుతుంది, బండ పలకలా విడివడుతుంది. అదే బండను పొరలకు అడ్డంగా విరగ్గొట్టాలంటే ఎన్నో రెట్లు శ్రమ కావాలి, విరిగిన అంచు కూడా వంకరటింకరగా వస్తుంది. అది సున్నపురాయి. కానీ ఒకే రాయి ఒక దిశలో సులువుగా, మరో దిశలో మొండిగా పగిలే గుణం అంతకంటే బలంగా కనిపించేది షేల్‌లో. బురద అడుగున పేరుకుని, లక్షల ఏళ్ల బరువు కింద నలిగి గట్టిపడిన రాయి అది. ఆ పొరల నడుమ నల్లటి సేంద్రియ పదార్థం కూడా చేరినప్పుడు పగులు ఎలా నడుస్తుందన్నది గత పాతికేళ్లుగా శిలాయాంత్రిక శాస్త్రవేత్తలను బాగా శ్రమపెడుతున్న ప్రశ్న.

ఈ ప్రశ్నకు పుస్తకాలలో రెండు జవాబులు దొరుకుతాయి. సేంద్రియ పదార్థం మెత్తనిది, సాగుతుంది, అందువల్ల పగులు వేగాన్ని మింగేస్తుంది అన్నది మొదటిది. సేంద్రియ పదార్థం బలహీనమైనది, ఖనిజాలకు గట్టిగా అతుక్కోదు, అందువల్ల పగులుకు దారి తీసి ఇస్తుంది అన్నది రెండోది. ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకోవాలనుకోవడమే చిక్కంతటికీ మూలమని నా అభిప్రాయం. ఆ పదార్థం రాయిలో ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. అది ఎలా పరుచుకుని ఉంది, భూగర్భపు వేడికి ఎంతవరకు ఉడికింది అన్న రెండు సంగతులు తెలిస్తేనే అది పగులుకు అడ్డు నిలుస్తుందో, తోడు నడుస్తుందో చెప్పగలం.

ముందు ఆ పదార్థం ఏమిటో చూద్దాం. సముద్రాలలో, సరస్సులలో, డెల్టాలలో మెత్తటి బురదతో పాటు శైవలాలు, ప్లవకాలు, ఆకులు, బెరడు ముక్కలు కూడా అడుగుకు చేరతాయి. అడుగున ప్రాణవాయువు కొరవడితే అవి పూర్తిగా కుళ్లిపోకుండా బురదలో చిక్కుకుంటాయి. కాలక్రమంలో వాటి అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, సేంద్రియ ద్రావకాలలో సైతం కరగని ఘనపదార్థంగా మారతాయి. దీనినే కెరోజెన్ అంటారు. వేడికి అది విచ్చిపోయినప్పుడు చమురు, సహజవాయువు పుడతాయి. సరస్సు శైవలాల నుంచి వచ్చినది మొదటి రకం, సముద్ర ప్లవకాల నుంచి వచ్చినది రెండో రకం, నేల మీది మొక్కల నుంచి వచ్చినది మూడో రకం. మొదటి రెండింటిలో హైడ్రోజన్ ఎక్కువ. మూడోదానిలో హైడ్రోజన్ తక్కువ, కార్బన్ వలయాలు ఎక్కువ, అందువల్ల అది చమురు కన్నా వాయువునే ఎక్కువగా ఇస్తుంది.

ప్రయోగశాల నివేదికలో సేంద్రియ కార్బన్ 5 శాతం అని చదివినప్పుడు మిగతా 95 శాతం ఖనిజమే కదా, ఈ కాస్త పదార్థం ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. ఆ అంకె బరువు లెక్క అని గుర్తుంచుకోవాలి. కెరోజెన్‌లో కార్బన్ సుమారు 80 శాతం అనుకుంటే, 5 శాతం కార్బన్ ఉన్న రాయిలో కెరోజెన్ బరువు 6 శాతం దాటుతుంది. ఖనిజాల సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాముల దగ్గర ఉంటే కెరోజెన్‌ది 1.25 ప్రాంతంలోనే ఉంటుంది. అంటే అదే బరువుకు అది రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. లెక్క కట్టి చూస్తే రాయి పరిమాణంలో దాదాపు ఎనిమిదో వంతు కెరోజెనే. అమెరికా, కెనడాల సరిహద్దున విల్లిస్టన్ బేసిన్‌లో (బేసిన్ అంటే బురద, ఇసుక పొరలు మందంగా పేరుకున్న పల్లపు ప్రాంతం) ఉన్న బాకెన్ షేల్ వంటి వాటిలో సేంద్రియ కార్బన్ బరువులోనే 10 శాతాన్ని మించిన పొరలున్నాయి. అటువంటి చోట కెరోజెన్‌ను ఖనిజాల సందులలో ఇరుక్కున్న మలినంగా చూడటానికి వీల్లేదు. రాయి బరువు మోసే చట్రంలో అదీ ఒక భాగమే.

ఇక పగులు సంగతి. మామూలు మాటల్లో గట్టిదనం అని ఒకే పేరుతో పిలిచే గుణాన్ని ఇక్కడ రెండుగా విడదీసుకోవాలి. ఒత్తిడి పెట్టినప్పుడు ఆకారం మారకుండా నిలబడటం బిరుసు. ఉన్న పగులు ఇంకా సాగకుండా నిలువరించడం పగులు నిరోధం. గాజు చాలా బిరుసైనది, కానీ చిన్న గీత పడితే చాలు, ఆ గీత వెంట విరిగిపోతుంది. తోలు మెత్తనిది, అయినా దానిలో పడిన చీలికను సాగదీయడం కష్టం. పగులు సాగాలంటే కొత్త తలాలు తెరుచుకోవాలని, వాటికి కావలసిన శక్తి రాయిలో అప్పటికే నిల్వ ఉన్న శక్తి నుంచి రావాలని 1921లో ఇంగ్లండ్‌కు చెందిన ఎ.ఎ. గ్రిఫిత్ చూపించాడు. ఈనాటి లెక్కలన్నీ ఆ పునాది మీదే నిలిచాయి.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఒక షేల్ బిరుసు 30 గిగాపాస్కల్, పగులు నిరోధం 1 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకుందాం. నిరోధాన్ని వర్గం చేసి బిరుసుతో భాగిస్తే పగులు శక్తి వస్తుంది. ఈ రాయిలో చదరపు మీటరు పగులు తెరుచుకోవడానికి సుమారు 33 జౌల్‌ల శక్తి కావాలి. కెరోజెన్ ఎక్కువగా ఉన్న మరో షేల్ బిరుసు 15 గిగాపాస్కల్‌కు, నిరోధం 0.8కి తగ్గాయనుకుందాం. రెండు అంకెలూ తగ్గాయి కాబట్టి ఈ రాయి సులువుగా పగులుతుందని తోస్తుంది. శక్తి లెక్క కడితే మాత్రం 43 జౌల్‌లు తేలుతుంది. అంటే తక్కువ ప్రతిబలం (రాయి లోపల ఒక్కో చదరపు మీటరు మీద పనిచేసే బలం) దగ్గరే పగులు కదలడం మొదలవుతుంది గాని, కదిలిన ప్రతి అడుగుకూ ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. సేంద్రియం రాయిని బలహీనపరుస్తుందని ఒక పరిశోధకుడు, మొండిగా చేస్తుందని మరొక పరిశోధకుడు రాసినప్పుడు, ఒకరు ప్రతిబలం వైపు నుంచి, మరొకరు శక్తి వైపు నుంచి చూసి ఉండవచ్చు. ఈ రంగంలోని వాదాలు కొన్ని కొలతల మీద కాక ఈ మాటల మీదే నడిచాయని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు పగులు మొన దగ్గరకు వెళ్దాం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో షేల్ ముక్కను చూస్తే లేత బూడిద రంగు క్వార్ట్జ్, కాల్సైట్ రేణువులు, వాటి చుట్టూ పొరపొరలుగా ఒదిగిన బంకమట్టి ఖనిజాలు, నడుమ నల్లటి మరకల్లా కెరోజెన్, అక్కడక్కడ తెల్లగా మెరిసే పైరైట్ గుళికలు కనిపిస్తాయి. క్వార్ట్జ్ బిరుసు సుమారు 95 గిగాపాస్కల్. కెరోజెన్‌ది ఉడికిన స్థాయిని బట్టి కొన్ని గిగాపాస్కల్‌ల నుంచి 15 దాకా ఉంటుంది. ఇంత అంతరం ఉన్న రెండు పదార్థాలు ఆనుకుని ఉన్నప్పుడు, బిరుసు రేణువులోంచి వస్తున్న పగులు మెత్తటి పదార్థం వైపు లాగబడుతుంది, ఎందుకంటే అటు వెళ్లిన కొద్దీ దాన్ని నడిపే శక్తి పెరుగుతుంది. సరిహద్దుకు చేరాక దాని ముందు రెండు దారులుంటాయి. కెరోజెన్‌లోకి నేరుగా చొచ్చుకుపోవచ్చు, లేదా కెరోజెన్‌కూ ఖనిజానికీ నడుమ అతుకు వెంట పక్కకు తిరగవచ్చు. బిరుసులో తేడా లేని పదార్థాలకు కట్టిన సిద్ధాంత లెక్క ప్రకారం, అతుకును విప్పడానికి అయ్యే శక్తి ఎదుటి పదార్థాన్ని చీల్చడానికి అయ్యే శక్తిలో నాలుగో వంతు కన్నా తక్కువైతే పగులు పక్కకు తిరుగుతుంది. బిరుసులో తేడా ఉన్నప్పుడు ఈ హద్దు మారుతుంది, కానీ తర్కం అదే.

కెరోజెన్‌లోకే చొచ్చుకుపోతే ఏం జరుగుతుందన్నది మరింత ఆసక్తికరం. అమెరికాలోని వుడ్‌ఫోర్డ్ షేల్ నుంచి అయాన్ల కిరణంతో కొన్ని మైక్రాన్‌ల మందం గల దూలాలను చెక్కి, సూక్ష్మదర్శిని కిందే వాటి కొసను నొక్కి వంచిన ప్రయోగాలున్నాయి. తలవెంట్రుక మందం కన్నా ఎంతో సన్నని దూలాలవి. కెరోజెన్ కలిసిన దూలాలు ఒక్కసారిగా పుటుక్కుమని విరగలేదు. బరువును మోసే శక్తి మెల్లమెల్లగా సడలుతూ, బాగా వంగిన తర్వాతే అవి తెగిపోయాయి. పగులు రెండు ఒడ్డుల నడుమ కెరోజెన్ పోగులు వంతెనలా సాగి నిలబడటమే అందుకు కారణం. పెనవేసుకున్న దీర్ఘాణువుల పదార్థం చేయగలిగిన పనే అది. ఇటుక గోడలో ఇటుకల మధ్య సున్నానికి బదులు రబ్బరు జిగురు పెట్టినట్లు ఊహించుకుంటే విషయానికి దగ్గరగా ఉంటుంది.

అయితే ఈ వంతెన పని జరగాలంటే కెరోజెన్ పగులు దారికి అడ్డంగా ఉండాలి. ఇక్కడే పరుచుకున్న తీరు ముఖ్యమవుతుంది. కొన్ని షేల్‌లలో కెరోజెన్ విడివిడి తునకలుగా, ఖనిజాల నడుమ చెదిరి ఉంటుంది. అప్పుడు పగులు ఒక తునకను తాకి, పక్కకు మళ్లి, మళ్లీ తన దారిలోకి వచ్చి, మరో తునకను తాకుతూ పోతుంది. దాని దారి పొడవు పెరుగుతుంది, శక్తి ఖర్చు పెరుగుతుంది. మరికొన్నింటిలో కెరోజెన్ సన్నని పొరలుగా, పొరకూ పొరకూ మధ్య తెగకుండా సాగి ఉంటుంది. బాకెన్ వంటి షేల్‌లలో 1990ల మొదట్లోనే ధ్వని తరంగాల వేగాన్ని కొలిచిన పరిశోధకులు, పొరల వెంట వేగం ఎక్కువగా, పొరలకు అడ్డంగా తక్కువగా ఉండటాన్ని గమనించి, ఆ తేడాకు కెరోజెన్ పరుచుకున్న తీరే ప్రధాన కారణమని వివరించారు. అటువంటి రాయిలో పొరల వెంట నడిచే పగులుకు బాట ముందే వేసి ఉంటుంది. క్వారీ కార్మికుడు వేలితో వెతికే గీత వంటిదే అది.

అందుకే షేల్ పగులు నిరోధాన్ని ఒక్క అంకెతో చెప్పకూడదు. పగులు పొరల తలంలోనే నడిచేది ఒకటి, పొరల అంచులను ఒకేసారి కోస్తూ నడిచేది ఇంకొకటి, ఒక్కో పొరనూ దాటుకుంటూ ఎదురెళ్లేది మూడోది. మొదటిదానికి నిరోధం అన్నింటికంటే తక్కువ. మూడోదానిలో ప్రతి బలహీనమైన పొరా పగులు మొనను మొద్దుబార్చి ఆపగలదు. సేంద్రియ పొరలు ఎక్కువైన కొద్దీ ఈ దిశల మధ్య అంతరం పెరుగుతుంది. ఒకే పదార్థం, ఒకే రాయిలో, ఒక దిశలో పగులుకు దారి ఇస్తూ మరో దిశలో అడ్డు నిలుస్తుంది. మొదట చెప్పిన రెండు జవాబులూ ఒకే రాయికి ఏకకాలంలో నిజమయ్యేది ఇలాగే. మన పిల్లలు ఒకప్పుడు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక కూడా షేల్ జాతి రాయే. కాకపోతే అది ఇంకా లోతున వేడికీ ఒత్తిడికీ గురై, దాని సూక్ష్మ ఖనిజ రేకులన్నీ ఒకే వైపు తిరిగిపోవడం వల్ల అంత నునుపుగా విడివడుతుంది. అక్కడ ఆ పని చేసినది ఖనిజాలు, కెరోజెన్ కాదు.

ఉడకడం గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే తరచూ మరుగున పడేది అదే. భూమిలో లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. కెరోజెన్ ఎంత ఉడికిందో తెలుసుకోవడానికి దానితో పాటు ఉండే విట్రినైట్ అనే చెక్క అవశేషం కాంతిని ఎంత శాతం పరావర్తనం చేస్తుందో కొలుస్తారు. 0.6 శాతం దగ్గర చమురు పుట్టడం మొదలవుతుంది. 1.3 దాటితే చమురు దశ ముగుస్తుంది. 2 దాటాక మిగిలేది పొడి వాయువే, అంటే చమురు కలవని వాయువు. ఈ ప్రయాణంలో హైడ్రోజన్, ఆక్సిజన్ వెళ్లిపోతుంటాయి, మిగిలిన కార్బన్ వలయాలు ఒకదానికొకటి దగ్గరై బిగుసుకుంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు సాగే గుణమున్న కెరోజెన్, బాగా ఉడికాక బొగ్గులా పెళుసుబారుతుంది. 2016లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం పచ్చి కెరోజెన్, ఉడికిన కెరోజెన్‌ల అణు నమూనాలను కంప్యూటర్‌లో నిర్మించి లాగి చూసింది. పచ్చిది సాగి తెగితే, ఉడికినది పెళుసుగా విరిగింది. కాబట్టి సేంద్రియం పగులును మింగేస్తుందన్న సూత్రాన్ని పచ్చి షేల్ మీద కొలిచి, దాన్ని తీసుకెళ్లి వాయువునిచ్చే లోతైన షేల్‌కు అన్వయించడం పొరపాటు.

ఉడికిన కెరోజెన్‌లో మరో మార్పు కూడా వస్తుంది. చమురు, వాయువు వెళ్లిపోయిన చోట రంధ్రాలు మిగులుతాయి. టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో సుమారు 100 నానోమీటర్‌ల పరిమాణంలో ఉన్న ఈ రంధ్రాలను 2009లో స్పష్టంగా చిత్రీకరించారు. వాయువు నిల్వ ఉండేది చాలావరకు వీటిలోనే. పగులు దృష్టితో చూస్తే మాత్రం ఇవి కెరోజెన్‌ను స్పాంజిలా మార్చే లోపాలు. గట్టిపడిన గోడలు ఒక వైపు, ఖాళీలు మరో వైపు ఉండగా, మొత్తం మీద బిరుసు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది ఆ రాయి చరిత్రను బట్టి తేలాల్సిందే.

ఇంతవరకు బయటి నుంచి వచ్చిన పగులును కెరోజెన్ ఎలా ఎదుర్కొంటుందో చూశాం. కెరోజెన్ తానే పగులును పుట్టించగలదు. ఘనపదార్థం చమురుగా, వాయువుగా మారినప్పుడు అంతకు ముందు కన్నా ఎక్కువ చోటు కావాలి. చుట్టూ ఉన్న బురదరాయిలో రంధ్రాలు అతి సన్ననివి, ద్రవం త్వరగా బయటపడలేదు, ఒత్తిడి పెరుగుతుంది, చివరికి రాయి లోపలి నుంచే చీలుతుంది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని సింక్రోట్రాన్ (అతి తీవ్రమైన ఎక్స్ కిరణాలను పుట్టించే యంత్రం) కేంద్రంలో అమెరికా గ్రీన్ రివర్ షేల్ ముక్కను 60 డిగ్రీల నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తూ, ఎక్స్ కిరణాలతో లోపలి బొమ్మలను వరుసగా తీశారు. చాలాసేపు ఏమీ జరగలేదు. 350 డిగ్రీల దాపుల్లో అక్కడక్కడ చిన్న చీలికలు పుట్టి, పొరల వెంటే సాగి, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. 2011లో వెలువడిన ఈ ఫలితాలలో నన్ను ఆకట్టుకున్నది చీలికలు అడ్డంగా కాక పొరల వెంటే నడవడం. ప్రయోగంలో గంటల్లో జరిగింది భూగర్భంలో లక్షల ఏళ్లలో, ఎంతో తక్కువ వేడి దగ్గర, పైన కిలోమీటర్ల బరువు ఉండగా జరుగుతుందన్న తేడాను మరువకూడదు. అయినా అలా జరిగిందనడానికి ఆధారాలున్నాయి. అర్జెంటీనాలోని వాకా ముయెర్తా షేల్‌లో పొరలకు సమాంతరంగా, పీచులాంటి కాల్సైట్‌తో నిండిన సిరలు విరివిగా కనిపిస్తాయి. ద్రవ ఒత్తిడికి రాయి పొరల వెంట తెరుచుకుని, ఆ చీలికలలో ఖనిజం పేరుకున్న గుర్తులుగా వాటిని చాలామంది భూవిజ్ఞానులు చదువుతారు.

ఈ శాస్త్రానికి ఇంత పట్టింపు ఎందుకు వచ్చిందో అందరికీ తెలిసిందే. 1990ల చివర్లో బార్నెట్ షేల్‌లో నీటిని అధిక ఒత్తిడితో పంపి రాయిని పగలగొట్టే పద్ధతి లాభసాటి అయ్యాక, ఏ పొరను పగలగొడితే వాయువు వస్తుందన్నది కోట్ల డాలర్ల ప్రశ్న అయింది. దానికి తేలిక జవాబుగా పెళుసు సూచిక పుట్టింది. రాయిలో క్వార్ట్జ్ వాటా ఎంతో లెక్కగట్టి, అది ఎక్కువైతే పెళుసు అన్నారు. 2009లో ప్రతిపాదించిన మరో సూత్రం డోలమైట్ అనే కార్బనేట్ ఖనిజాన్ని పెళుసు వైపు, సేంద్రియ కార్బన్‌ను సాగే వైపు చేర్చింది. వేలాది అడుగుల బావిలో పొరలను త్వరగా పోల్చి చూడటానికి ఇవి పనికొస్తాయి. కానీ ఈ సూత్రంలో పచ్చి కెరోజెన్, ఉడికిన కెరోజెన్ ఒకటే. పొరలుగా పరుచుకున్నదీ చెదిరి ఉన్నదీ ఒకటే. దిశ అసలే లేదు. పగులు ఎలా సాగుతుందో నిర్ణయించే మూడు సంగతులనూ వదిలేసిన అంకెను పట్టుకుని బావి ఖర్చును నిర్ణయించడం నాకు సమంజసంగా తోచదు.

ఇంకొక చిక్కు ఉంది. చైనాలోని సిచువాన్ బేసిన్‌లో లోంగ్‌మాషి షేల్ అడుగు పొరలలో సేంద్రియం ఎక్కువైన చోట క్వార్ట్జ్ కూడా ఎక్కువగా ఉంటుంది. ఆ క్వార్ట్జ్‌లో పెద్ద భాగం ఒడ్డు నుంచి కొట్టుకొచ్చిన ఇసుక కాదు. సిలికా కవచాలున్న సూక్ష్మ సముద్రజీవుల నుంచి వచ్చినది. సముద్రం జీవంతో కళకళలాడిన కాలంలో ఆ జీవుల శరీరాల నుంచి కెరోజెన్, కవచాల నుంచి క్వార్ట్జ్ రెండూ కలిసి పేరుకున్నాయి. అటువంటి చోట సేంద్రియం పెరిగిన కొద్దీ రాయి పెళుసుగా పగులుతుందని గణాంకాలు చూపిస్తాయి. ఆ పెళుసుదనం క్వార్ట్జ్ చట్రానిది. కెరోజెన్ దాని పక్కన ఉన్నదంతే. ఈ సంబంధాన్ని కెరోజెన్‌కు ఆపాదించి బంకమట్టి ఎక్కువగా ఉన్న మరో బేసిన్‌కు తీసుకెళితే అంచనా తలకిందులవుతుంది.

కాలం పాత్రను కూడా విడిచిపెట్టలేం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించిన కొలతలలో, స్థిరమైన బరువు కింద ఉంచిన షేల్ ముక్కలు గంటలు గడిచేకొద్దీ మెల్లగా కుదించుకుపోవడం కనిపించింది. బంకమట్టి, కెరోజెన్ ఎక్కువైన ముక్కలలో ఆ కుదింపు ఎక్కువ. భూగర్భ కాలమానంలో ఇలా జరిగితే ఆ పొరలలో అడ్డ ప్రతిబలాలు పెరిగి నిలువు ప్రతిబలానికి దగ్గరవుతాయి. పక్కనున్న బిరుసు పొరలో సులువుగా తెరుచుకున్న పగులు అటువంటి పొర దగ్గరకు వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ రాయి దాన్ని మరింత గట్టిగా నొక్కి మూస్తోంది. రాయి పగులు నిరోధం ఏమీ మారకుండానే పగులు ఆగిపోయే సందర్భమిది. తెరిచిన పగులు మూసుకుపోకుండా లోపలికి పంపిన ఇసుక రేణువులు కూడా మెత్తటి గోడలలోకి క్రమంగా కూరుకుపోతాయి. అందువల్ల మొదటి నెలల్లో బాగా వచ్చిన వాయువు తర్వాత తగ్గవచ్చు.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013 అంచనాలో భారత్‌లో సాంకేతికంగా వెలికితీయగల షేల్ వాయువు 96 లక్షల కోట్ల ఘనపుటడుగులు, అందులో సగానికి పైగా కృష్ణా-గోదావరి బేసిన్‌లోనే. ఆ ఏడాది అక్టోబరులోనే కేంద్రం ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకు షేల్ అన్వేషణకు అనుమతినిచ్చింది. మన బేసిన్‌లో చెప్పుకోదగ్గ సేంద్రియ షేల్‌లు రెండు, రెండింటికీ గోదావరి ప్రాంతపు ఊళ్ల పేర్లే. కొమ్ముగూడెం షేల్ సింగరేణి బొగ్గు ఏర్పడిన పెర్మియన్ కాలం నాటిది, బొగ్గు పొరలతో కలిసి ఉంటుంది, దానిలోని సేంద్రియం ప్రధానంగా నేల మొక్కలది. రాఘవాపురం షేల్ దానికన్నా ఎంతో తర్వాతిది, క్రెటేషియస్ కాలంలో సముద్రం ముందుకొచ్చినప్పుడు పేరుకున్నది.

బార్నెట్‌లోనూ లోంగ్‌మాషిలోనూ ప్లవకాల కెరోజెన్‌కు సూక్ష్మజీవుల సిలికా తోడుగా ఉంది. కొమ్ముగూడెంలో ఆకు, బెరడు తునకలకు బంకమట్టి, బొగ్గు పొరలు తోడుగా ఉన్నాయి. అక్కడి సూచికను తెచ్చి ఇక్కడి అంకెలు దానిలో వేస్తే వచ్చేది ఈ రాయి గురించిన సమాచారం కాదు. బావి నుంచి తీసిన రాతి కడ్డీ మీదే పని చేయాలి, అది కూడా జాగ్రత్తగా. లోతున ఒత్తిడి కింద మూసుకుని ఉన్న పొరల గీతలు పైకి రాగానే సడలుతాయి, తడి ఆరిన కొద్దీ బంకమట్టి కుంచించుకుని అవే గీతల వెంట కొత్త చీలికలు తెరుచుకుంటాయి. ఎండిన కడ్డీ మీద గది ఉష్ణోగ్రతలో పొరల వెంట కొలిచిన నిరోధం 3 కిలోమీటర్ల కింద, 100 డిగ్రీలు దాటిన వేడిలో ఉన్న రాయి నిరోధం కాదు. తీసిన కడ్డీని ఆరిపోకుండా వెంటనే చుట్టి మూసి భద్రపరచడం, విట్రినైట్ కొలతను యాంత్రిక కొలత పక్కనే నమోదు చేయడం, ప్రతి లోతు నుంచి మూడు దిశలలో ముక్కలు కోసి పగలగొట్టి చూడటం ఖర్చుతో కూడిన పనులే. ఒక్క బావిని తప్పు పొరలో పగలగొట్టడానికి అయ్యే ఖర్చు ముందు అవి చాలా చిన్నవి.